వరదలో మునిగిన జెన్: ముందు చక్రం కాలిపర్ బోర్‌లో గుంటలు. స్లీవ్ వేయించాలా, కాలిపరే మార్చాలా?

పాత జెన్, సింగ్‌నగర్

2001 మారుతి జెన్. 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో చక్రాలు మునిగేదాకా నాలుగు రోజులు నీళ్లలో ఉంది. అప్పట్లో ఇంజన్, వైరింగ్, సీట్లు చూసుకున్నాం. బ్రేకుల వరకు ప్యాడ్లు మార్చి, డ్రమ్ములు కడిగి వదిలేశారు. ఇప్పుడు ఎడమ ముందు చక్రం పట్టేస్తోంది. పది కిలోమీటర్లు తిరిగితే కాలిన వాసన, రిమ్ము మీద చెయ్యి పెట్టలేం. బండి ఎడమకి లాగుతోంది.

కాలిపర్ (ప్యాడ్లని డిస్కు మీదికి నొక్కే భాగం) విప్పించాను. పిస్టన్ క్రోమ్ రెండు చోట్ల లేచిపోయింది, పిస్టన్ కదిలే బోర్‌లో తుప్పు, గుంటలు. ఆటోనగర్‌లో ఒక మేస్త్రి ఎమరీ కొట్టి కొత్త సీళ్ల కిట్ వేస్తే చాలన్నారు. ఇంకో చోట బోర్ కోసి లోపల స్టెయిన్‌లెస్ స్లీవ్ (సన్న గొట్టం) దిగేస్తామన్నారు. మూడో ఆయన కాలిపరే మార్చెయ్యమంటున్నారు. ఎవరి మాట వినాలి? కుడి పక్కది ఇంకా విప్పలేదు.

ఘాట్‌రోడ్

గుంటలు ఉన్నాయా లేవా అన్నది కాదండీ, ఎక్కడ ఉన్నాయన్నది చూడాలి. జెన్ లాంటి కాలిపర్లలో బ్రేక్ ఆయిల్‌ని ఆపే సీల్ పిస్టన్ మీద ఉండదు, బోర్ గోడలో కోసిన గాడిలో కూర్చుంటుంది. పిస్టన్ ఆ సీల్‌లోంచి జారుతుంది. అంటే ఆయిల్ ఆగేది రెండు చోట్లే: పిస్టన్ క్రోమ్ మీద, గాడి అడుగున. మిగతా బోర్ గోడ పిస్టన్‌కి దారి మాత్రమే.

కాబట్టి బోర్‌ని టార్చి వేసి నాలుగు భాగాలుగా చూడండి. గాడికి లోపలి వైపు, ఆయిల్‌లో మునిగి ఉండే గోడ: ఇక్కడ చిన్న గుంటలున్నా లీక్ రాదు, పైకి లేచిన తుప్పు పొర పోతే చాలు. సీల్ గాడి: అడుగున గోరు తగిలేంత గుంట ఉంటే ఆ కాలిపర్ పక్కన పెట్టండి. ఆయిల్ సీల్ వెనక నుంచి చుట్టూ తిరిగి బయటికి వస్తుంది, ఏ కిట్ వేసినా ఆపదు. గాడికీ డస్ట్ కవర్‌కీ (దుమ్ము, నీళ్లు ఆపే రబ్బరు) మధ్య ఉండే సన్నటి పట్టీ: నీళ్లలో మునిగిన బండికి తుప్పు మొదట తినేది ఇక్కడే, ఎందుకంటే చిరిగిన కవర్‌లోంచి దిగిన బురద నీళ్లు అక్కడ ఆగిపోతాయి. ఈ పట్టీలో గుంట వల్ల లీక్ ఉండదు, కానీ ఉబ్బిన తుప్పు పిస్టన్‌ని బిగించేస్తుంది. మీ చక్రం పట్టెయ్యడానికి ఎక్కువ అవకాశం అదే. నాలుగోది డస్ట్ కవర్ కూర్చునే గాడి. అది తినేస్తే కొత్త కవర్ నిలవదు, మళ్లీ ఇదే కథ.

ఇంకో మాట. పట్టెయ్యడానికి కాలిపరే కారణమా అని విప్పక ముందే తేల్చుకోవాల్సింది. కుడి పక్క విప్పేటప్పుడైనా చెయ్యండి. చక్రం లేపి, బ్రేక్ తొక్కి వదలండి. చక్రం గట్టిగా ఉంటే కాలిపర్ మీద ఎయిర్ తీసే నిపిల్ అర చుట్టు వదులు చెయ్యండి. ఆయిల్ చిమ్మి చక్రం వదులైతే తప్పు కాలిపర్‌ది కాదు, ఒత్తిడి వెనక్కి పోవడం లేదు. ఒక్క చక్రమే అయితే రబ్బరు హోస్ లోపల ఉబ్బి మూసుకుపోయింది. ఒకటి కంటే ఎక్కువ చక్రాలైతే మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిల్‌ని తోసేది) వైపు చూడాలి. నిపిల్ తీసినా చక్రం కదలకపోతే అప్పుడు పిస్టన్ గానీ, కాలిపర్ జారే స్లైడ్ పిన్నులు గానీ.

నున్న బైపాస్

ఇంత అవసరం లేదు బ్రదర్. 120 నంబరు ఎమరీ వేలికి చుట్టి పైకీ కిందికీ నాలుగు పట్లు పడితే బోర్ మెరుస్తుంది. పిస్టన్ కూడా అదే ఎమరీ. కిరసనాయిల్‌తో కడిగి కిట్ వేసెయ్యడమే. లేదంటే స్లీవ్ వేయిస్తే జీవితాంతం బేఫికర్.

ఆటోనగర్ లేత్

పైన చెప్పిన వాటిల్లో మూడు తప్పులున్నాయి, పాత జెన్ గారు వాటి జోలికి పోవద్దు.

ఎమరీ పైకీ కిందికీ పడితే పడే గీతలు పిస్టన్ కదిలే దిశలోనే ఉంటాయి. పిస్టన్ మీద అలాంటి గీత ఒక్కటి చాలు, సీల్ కింద నుంచి ఆయిల్‌కి కాలువ తవ్వినట్టే. బోర్ రుద్దాల్సి వస్తే ఎప్పుడూ చుట్టూ, గాజు తొడిగినట్టు రుద్దాలి. పిస్టన్‌ని అసలు రుద్దకూడదు. క్రోమ్ పొర చాలా పల్చన, ఒకసారి లేచిందంటే పక్కన కూడా కింద నుంచి తుప్పు పాకి ఉంటుంది. పిస్టన్ కొత్తది వెయ్యడమే. లేత్ మీద మామూలు ఇనుప కడ్డీ తోలించి, ప్లేటింగ్ లేకుండా వేసేవాళ్లు కూడా ఉన్నారు. ఒక వానాకాలం దాటదు అది.

కిరసనాయిల్, పెట్రోలు, డీజిల్ దేనితోనూ బ్రేకు లోపలి భాగాలు కడగొద్దు. ఈ సీళ్లు ఈపీడీఎం రబ్బరు. దానికి పెట్రోలియం నూనె తగిలితే ఉబ్బుతుంది, ఉబ్బిన సీల్ పిస్టన్‌ని పట్టేస్తుంది. అదే పని ఇంజన్ ఆయిల్ చుక్కా చేస్తుంది, చాసిస్ గ్రీజూ చేస్తుంది. బ్రేక్ క్లీనర్ స్ప్రే గానీ, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ గానీ, ఏదీ లేకపోతే కొత్త బ్రేక్ ఆయిలే గానీ వాడండి.

స్లీవ్ సంగతికొస్తే, మా షెడ్డులోకి వారం వారం వచ్చే ప్రశ్నే. స్లీవ్ మంచి పని, కానీ సీల్ పిస్టన్ మీద ఉండి బోర్ గోడ మీద జారే చోట మాత్రమే. మాస్టర్ సిలిండర్, వెనక డ్రమ్ముల్లో వీల్ సిలిండర్ అలాంటివే: కప్పు (గిన్నె ఆకారం రబ్బరు సీల్) పిస్టన్‌తో పాటు కదులుతుంది, బోర్ గోడే ఆయిల్‌ని ఆపాలి. అక్కడ గుంట పడితే లీక్ ఖాయం. 1965 నుంచి 1982 దాకా వచ్చిన అమెరికా కార్వెట్ కార్లకి కాలిపర్‌లో కూడా సీల్ పిస్టన్ మీదే ఉండేది. కాలిపర్‌కి స్టెయిన్‌లెస్ స్లీవ్ అనే మాట అంత పాపులర్ అయింది అలాంటి వాటి వల్లే. దాన్ని తెచ్చి జెన్‌కి తగిలిస్తే పని జరగదు.

ఎందుకంటే జెన్ కాలిపర్‌లో చెడితే కష్టమైన చోటు గాడి. గాడికి లోపల స్లీవ్ దింపితే లాభం లేదు, ఆ గోడ ఎలాగూ ఆయిల్ ఆపదు. గాడిని కూడా కలుపుకుని దింపాలంటే కొత్త గాడిని స్లీవ్‌లో కొయ్యాలి. గాడి లోతు మూడు మిల్లీమీటర్లు అనుకుందాం, దాని కింద కనీసం ఒకటిన్నర మిగలాలి. అంటే స్లీవ్ గోడ నాలుగున్నర, బోర్ వ్యాసం తొమ్మిది మిల్లీమీటర్లు పెంచాలి. కాలిపర్ పోతలో అంత కండ ఉండదు.

కండ ఉందనుకున్నా అసలు చిక్కు వేరే ఉంది. ఆ గాడి మామూలు నాలుగు పలకల గాడి కాదు. అడుగు కొంచెం వాలుగా ఉంటుంది, ప్యాడ్ వైపు అంచుకి చాంఫర్ (ఏటవాలు కోత) ఉంటుంది. బ్రేక్ తొక్కినప్పుడు సీల్ పిస్టన్‌తో పాటు ఆ చాంఫర్‌లోకి వంగుతుంది, పెడల్ వదలగానే మళ్లీ నిటారుగా అయి పిస్టన్‌ని వెంట్రుకవాసి వెనక్కి లాగుతుంది. డిస్క్ బ్రేకులో ఈ పనికి స్ప్రింగు లేదు, సీలే స్ప్రింగు. గాడిని పార్టింగ్ టూల్‌తో సూటిగా కోసి చేతికిస్తే లీక్ ఉండకపోవచ్చు, కానీ బ్రేకు వదలదు. చదరపు సీల్ దొరకలేదని ఓ-రింగ్ వేసినా అంతే, అది దొర్లుతుంది తప్ప వెనక్కి లాగదు.

హోనింగ్ (బోర్‌ని రాళ్లతో సన్నగా అరగదీయడం) కూడా అడుగుతారు. కొన్ని కంపెనీల మాన్యువళ్లు తేలిగ్గా హోన్ చెయ్యనిస్తాయి, కానీ బోర్ వ్యాసం 0.025 మి.మీ. కంటే పెరగకూడదంటాయి. కొన్ని అసలు వద్దంటాయి. బోర్ పెరిగితే పిస్టన్‌కీ గోడకీ మధ్య సందు పెరుగుతుంది, గట్టి బ్రేకులో వచ్చే 70–100 బార్ ఒత్తిడికి సీల్ అంచు ఆ సందులో నలిగి ముక్కలు ముక్కలుగా తెగుతుంది. గుంట పోయేదాకా హోన్ చేద్దాం అనే ఆలోచనే తప్పు. గుంట లోతు ఎప్పుడూ అంతకంటే ఎక్కువే ఉంటుంది.

కాబట్టి గాడి బాగుంటే శుభ్రం చేసి కొత్త పిస్టన్, కిట్. గాడి పోతే కాలిపర్ మార్పు. జెన్‌కి మధ్యలో వేరే దారి లేదు.

పాత జెన్, సింగ్‌నగర్

థాంక్సండీ. ఇద్దరు చెప్పినట్టే చూశాను. ఎడమది: బయటి పట్టీ అంతా తుప్పు పొర, సీల్ గాడి అడుగున కింది వైపు రెండు గుంటలు, గుండుసూది మొన పట్టేస్తోంది. కుడిది కూడా విప్పించాను. పట్టీలో కొంచెం తుప్పు, గాడి అడుగు నున్నగా ఉంది, పిస్టన్ మీద మచ్చలు లేవు. స్లైడ్ పిన్నులు రెండు పక్కలా ఎర్రగా, బురద పట్టి ఉన్నాయి. నిపిల్ పరీక్ష కుడి వైపు చేశాను, తీసినా చక్రం అంతే గట్టిగా ఉంది. ఎడమ కాలిపర్ కొత్తది చెప్పాను. కుడి దానికి కిట్ నేనే వేద్దామనుకుంటున్నాను. ఒకటి కొత్తది, ఒకటి పాతది ఉండొచ్చా?

ఘాట్‌రోడ్

ఉండొచ్చు, పిస్టన్ సైజు ఒకటే అయి, రెండూ తేలిగ్గా కదిలితే. జతగా మారాల్సినవి ప్యాడ్లూ డిస్కులూ. కాలిన వాసన వచ్చేంత వేడెక్కాయి కాబట్టి ఎడమ ప్యాడ్లు ఎలాగూ పనికిరావు, రెండు పక్కలా కొత్తవి వెయ్యండి. డిస్కుకి ఉండాల్సిన కనీస మందం దాని మీదే అచ్చు వేసి ఉంటుంది, మైక్రోమీటర్‌తో కొలిచి చూడండి.

కుడి కాలిపర్ పని ఇలా చెయ్యండి. కావాల్సినవి: సీల్, డస్ట్ కవర్ ఉన్న కిట్, స్లైడ్ పిన్ను కవర్లు, హోస్ బోల్టుకి రెండు కొత్త రాగి వాషర్లు (బోల్టు దూరే హోస్ చివరి రింగుకి అటొకటి ఇటొకటి), రబ్బరుకి పడే సిలికాన్ గ్రీజు, సీలు తియ్యని డాట్ 3 గానీ డాట్ 4 గానీ ఆయిల్ అర లీటరు డబ్బాలు రెండు. డాట్ 5 అని రాసిన సిలికాన్ ఆయిల్ మాత్రం కలపొద్దు. డాట్ 5.1 వేరు, అది కలుస్తుంది.

పిస్టన్ ఇంకా లోపలే ఉన్న కాలిపర్లకి ఒక జాగ్రత్త. గాలి కొట్టి తీస్తారు గదా, కంప్రెసర్ నిండు ఒత్తిడి పెట్టొద్దు. 50 మి.మీ. పిస్టన్ మీద 6 బార్ అంటే దాదాపు 120 కిలోల తోపు. అది ఒక్కసారిగా వదిలితే బుల్లెట్టే. అడ్డంగా చెక్క ముక్క పెట్టి, ఒకటి రెండు బార్లతో మొదలుపెట్టండి, వేళ్లు పిస్టన్ ముందుకి రానియ్యకండి. బాగా పట్టేస్తే హోస్ విప్పక ముందే బండి పెడల్ తొక్కి బయటికి తెప్పించడం తేలిక. గ్రీజు గన్నుతో తోసినా వస్తుంది, కానీ ఆ గ్రీజు ఒక్క రవ్వ కూడా మిగలకుండా కడగాలి.

పాత సీల్‌ని స్క్రూడ్రైవర్‌తో పొడిచి తియ్యొద్దు, గాడికి గీత పడుతుంది. వెదురు పుల్ల చెక్కుకోండి, అది చాలు. గాడిలో తుప్పు పొడి ఇత్తడి బ్రష్షుతో, మూలల్లో ఆ వెదురు పుల్లతోనే. డ్రిల్లుకి తగిలించే ఇనుప బ్రష్షు బోర్ లోపలికి పోనివ్వొద్దు. బయటి పట్టీకి 800 నంబరు వాటర్ పేపర్, బ్రేక్ ఆయిల్‌లో తడిపి, చుట్టూ. మరీ మొండి తుప్పయితే ఫాస్ఫారిక్ యాసిడ్ ఉన్న తుప్పు మందు దూదితో అద్దండి, తర్వాత కడిగి, వెంటనే ఆరబెట్టండి. తడిగా వదిలితే మన తేమకి గంటలో మళ్లీ ఎర్రబడుతుంది. కంప్రెసర్ గాలి కొడితే అందులో నూనె తుంపర ఉంటుంది, చివర్లో ఇంకోసారి ఆల్కహాల్‌తో తుడవండి. పెయింట్ వెయ్యాలనిపిస్తే బయటే, గాడుల్లోకీ ప్యాడ్ కూర్చునే చోటికీ పోకూడదు.

ఇక బిగింపు. సీల్‌ని కొత్త బ్రేక్ ఆయిల్‌లో ముంచి గాడిలో పెట్టి, వేలితో చుట్టూ ఒకసారి తిప్పి చూడండి, ఎక్కడా మెలి ఉండకూడదు. పిస్టన్‌కీ ఆయిల్ రాసి నిటారుగా పెట్టి రెండు బొటనవేళ్లతో నొక్కండి. సీల్ దగ్గర కాస్త బిగువు తెలుస్తుంది, తర్వాత మెత్తగా దిగాలి. సి-క్లాంప్ అవసరమైందంటే ఆగండి. పిస్టన్ వంకరగా పోతోంది, లేదా సీల్ మెలి పడింది, లేదా పట్టీలో తుప్పు మిగిలింది. బలవంతంగా దింపితే క్రోమ్‌కి గీత పడి మొదటికొస్తుంది. డస్ట్ కవర్ రెండు అంచులూ వాటి గాడుల్లో కూర్చున్నాయో లేదో చూడకుండా కాలిపర్ బండికి ఎక్కించొద్దు. వరద నీళ్లు దిగింది ఆ దారినే.

పిన్నుల మీద గుంటలు పడితే కొత్తవి. మచ్చలే అయితే తుడిచి సరిపెట్టుకోవచ్చు. రంధ్రం లోపల బురద కూడా గుడ్డతో తియ్యాలి. కొన్ని కాలిపర్లలో ఒక పిన్నుకి చివర రబ్బరు బుష్ ఉంటుంది, పైదీ కిందిదీ తారుమారు చెయ్యొద్దు. గ్రీజు పల్చగా పూయండి. రంధ్రం నిండా కూరితే లోపలి గాలి, గ్రీజు పోయే దారి లేక పిన్నుని బయటికి తోస్తాయి.

గుంటూరు టూవీలర్

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. బైకు ముందు కాలిపర్, అల్యూమినియం. కొత్త సీళ్లు వేసినా పిస్టన్ వేలితో దిగట్లేదు. గాడిలో తెల్లగా సున్నంలా ఉంది. గుంటలు లేవు. సీళ్లు డూప్లికేట్ అంటారా?

ఆటోనగర్ లేత్

సీళ్లది కాకపోవచ్చు. ఆ సున్నమే అల్యూమినియం తుప్పు. గాడి అడుగున పేరుకుని సీల్‌ని లోపలికి, పిస్టన్ మీదికి తోస్తోంది. సీళ్లు తీసేసి, ఆ తెల్ల పొర పోయేదాకా వెదురు పుల్ల, నైలాన్ బ్రష్షుతో గీకండి, లోహం మెరిసేదాకా. ముఖ్యంగా గాడి మూలల్లో. ఇనుముకి వాడే యాసిడ్ గానీ, కాస్టిక్ సోడా గానీ దీనికి వద్దు, అల్యూమినియంని తినేస్తాయి. గాడి శుభ్రమయ్యాక అవే సీళ్లతో పిస్టన్ వేలికి దిగితే సీళ్లు మంచివే. అయినా ఒకసారి పీకిన సీళ్లు మళ్లీ వెయ్యకుండా ఇంకో సెట్ తెచ్చుకోండి.

పాత జెన్, సింగ్‌నగర్

కుడిది అయిపోయింది, పిస్టన్ బొటనవేళ్లతోనే దిగింది. ఎడమ కొత్తది ఎక్కించాను. ఆయిల్ ముందు రెండు చక్రాలకే మారిస్తే చాలా? పెడల్ ఇంకా కొంచెం స్పాంజిలా ఉంది.

ఘాట్‌రోడ్

నాలుగు చక్రాలకీ మార్చాలి. బ్రేక్ ఆయిల్ మామూలుగానే గాల్లో తేమ పీల్చుకుంటుంది, మీది వరద చూసింది. కొత్త డాట్ 3 కనీసం 205 డిగ్రీల దాకా మరగదు, 3.7 శాతం నీళ్లు కలిస్తే ఆ హద్దు 140కి పడిపోతుంది. డాట్ 4కి ఇవి 230, 155. ఇంద్రకీలాద్రి ఘాట్ రోడ్డు మీద బ్రేకు తొక్కుకుంటూ దిగేటప్పుడు కాలిపర్‌లో ఆయిల్ మరిగి బుడగ వచ్చిందంటే పెడల్ నేలకి ఆనుతుంది. బయటికి లీక్ ఏమీ కనిపించదు.

రిజర్వాయర్‌లో పాత ఆయిల్ సిరంజితో లాగేసి, అడుగు మడ్డి తుడిచి, కొత్తది పోసి, మాన్యువల్‌లో ఇచ్చిన వరసలో ఒక్కో చక్రం ఎయిర్ తియ్యండి. నిపిల్ నుంచి రంగు మారి తేట ఆయిల్ వచ్చేదాకా. మధ్యలో రిజర్వాయర్ కనీస గీత కిందికి పోతే గాలి లాగి మళ్లీ మొదలు. పాత మాస్టర్ సిలిండర్ ఉన్న బండిలో పెడల్‌ని అడుగు దాకా తొక్కొద్దు. ఇన్నేళ్లూ కప్పు చేరని చోట తుప్పు ఉంటుంది, అది కప్పుని చీరేస్తుంది. పెడల్ కింద చెక్క ముక్క పెట్టుకోండి. స్పాంజి పోకపోతే కాలిపర్లు తారుమారుగా బిగించలేదు గదా చూడండి. నిపిల్ పైకి ఉండాలి, కిందికి ఉంటే పైన చేరిన గాలి ఎంత పంపు చేసినా రాదు. కుడి ఎడమలు మారితే జరిగేది ఇదే.

పాత జెన్, సింగ్‌నగర్

కాలిపర్లు సరిగ్గానే ఉన్నాయి, నిపిల్ పైనే. వెనక ఎడమ చక్రం దగ్గర ఎయిర్ తీస్తుంటే డ్రమ్ము వెనక తడి కనిపించింది.

ఆటోనగర్ లేత్

వీల్ సిలిండర్. డ్రమ్ము తీసి, దాని రబ్బరు కవర్ కొస పైకెత్తి చూడండి. లోపల చెమ్మ తగిలినా కప్పు దాటి ఆయిల్ వస్తున్నట్టే. ఇక్కడ బోర్ గోడే ఆయిల్ ఆపాలి కాబట్టి ముందు కాలిపర్‌కి చెప్పిన లెక్క తిరగబడుతుంది: గోడ మీద కప్పు తిరిగే మేరలో చిన్న గుంట ఉన్నా కిట్ పనిచెయ్యదు. స్లీవ్ వెయ్యొచ్చు గానీ జెన్‌కి కొత్త సిలిండరే వేయించుకోండి, ఆ చిన్న ముక్కకి లేత్ పని గిట్టదు. స్లీవ్ ఖర్చు దండగ కానిది సామాను దొరకని బళ్ల మాస్టర్ సిలిండర్‌కి. అది చేయిస్తే రిజర్వాయర్ ఆయిల్ కోసం స్లీవ్‌లో మళ్లీ వేసిన సన్న రంధ్రం అంచుకి లోపలి వైపు బర్రు (పైకి లేచిన పదును) లేకుండా చూసి తీసుకోండి, ఆ బర్రే కప్పుని కోసేది. ఆయిల్ తాగిన బ్రేక్ షూ లైనర్లు ఎండబెట్టి వాడొద్దు, రెండు పక్కలా మార్చండి.

ఘాట్‌రోడ్

అది అయ్యాక పరీక్ష రెండు రకాలుగా. ఇంజన్ ఆన్ చేసి పెడల్ గట్టిగా రెండు నిమిషాలు తొక్కి పట్టండి, దిగిపోకూడదు. తర్వాత సీటుకీ పెడల్‌కీ మధ్య కర్ర ఆనించి, తక్కువ ఒత్తిడితో రాత్రంతా వదిలెయ్యండి. కొన్ని సీళ్లు గట్టిగా తొక్కితే బిగుస్తాయి, మెల్లగా ఆనిస్తే కారతాయి. బ్రేకు లైటు వెలుగుతూ ఉంటుంది, బల్బు పీకండి లేదా బ్యాటరీ టెర్మినల్ తియ్యండి. పొద్దున్నే నాలుగు చక్రాల దగ్గరా తెల్ల కాగితంతో తుడిచి చూడండి.

తర్వాత తెల్లవారుజామున ఇన్నర్ రింగ్ రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు 50లో పోతూ 10కి మెల్లగా ఆపడం, ఒక ఇరవై సార్లు, మధ్యలో చల్లారనిస్తూ, కొత్త ప్యాడ్లు కుదురుకోవడానికి. ఇంటికొచ్చాక ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ దొరికితే కుడి డిస్కు, ఎడమ డిస్కు వేడి పోల్చండి. రెండూ దగ్గర దగ్గరగా ఉండాలి. ఒకటి బాగా ఎక్కువ చూపిస్తే మొదట ఆ పక్క స్లైడ్ పిన్నులు చూడండి, కాలిపర్ మళ్లీ విప్పే ముందు. వంద కిలోమీటర్లకి రిజర్వాయర్ మట్టం, హోస్ బోల్టు దగ్గర తడి ఇంకోసారి చూసుకోండి. రాగి వాషర్ దగ్గర చెమ్మ ఉంటే గట్టిగా బిగించొద్దు, వాషర్ మార్చండి.